అండా కారు ఉస్తాదు భోజన్న

భోజన్న గురించి రాయడానికి నాకు అర్హత లేదు. ముందే చెప్పేస్తున్నాను. మా గ్యారేజీలో రాయగలిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. పైగా రాయకపోతే కడుపులో ఉన్నది నన్ను తినేసేలా ఉంది. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టుకోండి, నేనేమీ అనుకోను.

నా పేరు అప్పాజీ. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. డిప్లొమా చదివి, కరోనా కాస్త తగ్గుముఖం పట్టాక, 2021లో అబుదాబి వచ్చాను. ముసఫ్ఫాలో ఒక గ్యారేజీలో కౌంటరు ఉద్యోగం. వచ్చిన బండికి ఏం తెగులో, ఏం సామాను వెయ్యాలో ఇంగ్లీషులో జాబ్ కార్డు రాసి షెడ్డులోకి పంపడం నా పని. ఏసీ గదిలో కూర్చుని, అద్దంలోంచి అవతల చెమటలు కక్కేవాళ్ళను చూస్తుండేవాణ్ణి. దాంతో నాకు కళ్ళు నెత్తికెక్కాయి, అబద్ధమెందుకు.

భోజన్నది జగిత్యాల వైపు. యాభై దాటిన మనిషి. పొట్టివాడు గానీ చేతులు పొడుగు. ఇంజను అడుగున ఎవరి చెయ్యీ దూరని సందులో ఆయన చెయ్యి దూరేది. 1996లో మట్టిపనికి వచ్చి, సైటు పక్కనే ఉన్న గ్యారేజీలో తీరిక దొరికినప్పుడల్లా పానాలు అందిస్తూ పని నేర్చుకున్నాడట. నేను చేరేనాటికి షెడ్డులో పాకిస్తానీ, బంగ్లాదేశీ, మలయాళీ, ఎవరైనా సరే ఆయన్ని ఉస్తాద్ అనే పిలిచేవారు. మొదటి రోజు నేను మా వైపు అలవాటు ప్రకారం "మీరు, మీరు" అంటూంటే ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"ఎవల్ని అంటున్నవ్ తమ్మీ? నేనొక్కన్నే ఉన్న గద!" అన్నాడు. ఆ రోజు నుంచి "నువ్వు"కి దిగిపోయాం.

మా గ్యారేజీకి ఎక్కువగా వచ్చేది ఒకే రకం జపాన్ కారు. చిన్నది, ఊళ్ళో తిరగడానికి పనికొచ్చేది. అసలు పేరు నేను రాయను, షెడ్డులో మాత్రం అందరూ అండా అంటారు. హిందీలో గుడ్డు. ఇన్ని దశాబ్దాల్లో ఆ కారు రూపం మార్చుకుంటూ ఐదు తరాలుగా వచ్చింది. ఐదింటినీ విప్పి బిగించినవాడు మా షెడ్డులో భోజన్న ఒక్కడే. కళ్ళు మూసుకుని నిలబడితే, ఎవరైనా తలుపు వేసిన చప్పుడును బట్టి అది ఏ తరం బండో చెప్పేసేవాడు. చాయ్ పందెం కాసి నేనే నాలుగుసార్లు ఓడిపోయాను.

ఒకసారి చాయ్ తాగుతూ ఆ కారు పుట్టుపూర్వోత్తరాలన్నీ ఏకరువు పెట్టాడు.

"ఫస్టుది డబ్బా. గుడ్డు లెక్క ఉండది, రేకు పెట్టె లెక్క ఉంటది. పొద్దుగాల చోకు గుంజి, బతిమాలితేనే లేస్తది. గని నాలుగు పానాలు, ఒక స్క్రూడ్రైవరు ఉంటె మొత్తం ఇప్పచ్చు. రెండోది గుండ్రంది, గదే అసలు అండా. కార్బురేటరు పోయి ఇంజెక్షన్ అచ్చింది. అది సావదు తమ్మీ, సంపినా సావదు. మూడోదానికి కప్ప కండ్లు. చెవి జేబులనే ఉంటది, బటన్ ఒత్తితె బండి చాలూ. గప్పటిసంది కంప్యూటర్ వెట్టి అడుగుడు మొదలైంది, నీకేడ నొస్తుందే అని."

"నాలుగోది?" అన్నాను.

"నాలుగోదానికి మూడే సిలిండర్లు. బరువు తక్కువ, పెట్రోలు తక్కువ. ఇగ గేరు డబ్బ ఇప్పితె, గేర్లే లేవు! బెల్టు! దాన్ని మొదటిసారి ఇప్పిననాడు నాకు అన్నం సయించలే. ఐదోదానికి ముక్కు సూదిగ పెట్టిండ్రు. రేపు కరెంటుతోని నడిచేది అస్తదట. అప్పుడు నూనె లొల్లే ఉండదు."

ఆ నూనె లొల్లి సంగతి మీకు తెలియాలి. పాత తరాల ఆటోమేటిక్ గేరుబాక్సులో పళ్ళచక్రాలుంటాయి, దానికొక నూనె. నాలుగో తరంలో రెండు కప్పీల మధ్య ఇనుప బెల్టు తిరుగుతుంది, దానికి వేరే నూనె. పాతదానికి పోసేది దీనికి పోస్తే బెల్టు జారిపోతుంది, అరుస్తుంది, కొన్ని వారాల్లో గేరుబాక్సు మొత్తం ఖలాస్. మాకు సరుకు వేసేవాడు రెండు నూనెలూ ఒకేలాంటి బూడిదరంగు డబ్బాల్లో తెచ్చేవాడు. లోపలి నూనె కూడా రెండిటిదీ లేత ఎరుపే. పైన అతికించిన కాగితం మీది ఇంగ్లీషు అక్షరాలే తేడా.

భోజన్న ఆ డబ్బాల మెడకు రంగు టేపులు చుట్టేవాడు. పాత తరాల నూనెకు ఎర్ర టేపు, నాలుగో తరానికి నీలం టేపు. సరుకు దిగగానే నన్ను పిలిచి, "నీ గొంతు మంచిగుంటది, ఇదేందో సదువు తమ్మీ" అనేవాడు. నేను చదివేవాణ్ణి, ఆయన చుట్టేవాడు. జాబ్ కార్డు కూడా నాచేతే పైకి చదివించుకునేవాడు. పొగడ్త అనుకుని పొంగిపోయేవాణ్ణి, నా మొహానికి. టేపులెందుకని అడిగితే, "కండ్లు గుంజుతున్నయ్, దూరంకెంచి కనవడాలె గద. నువ్వు మాత్రం వాటిని ముట్టకు" అన్నాడు. అప్పటికి రెండేళ్ళుగా చూస్తున్నాను, ఒక్కసారి కూడా ఆయన చెయ్యి తప్పు డబ్బా మీదకి పోలేదు.

2023 ఫిబ్రవరిలో ఇన్‌స్పెక్షన్‌కి మనుషులొస్తున్నారని కబురొచ్చింది. మా ముదీర్, అంటే మేనేజరు, హయాత్ బాషా. కడప మనిషి, మంచివాడే గానీ కోపం వస్తే మధ్యలో ఆగడు. "ఆ షెల్ఫులో రంగురంగుల పీలికలేంది? జాతరా? సాఫ్ కరో!" అని నామీద అరిచాడు. ఆ రోజు భోజన్న వీసా రెన్యువల్ మెడికల్‌కి వెళ్ళాడు. నేను టేపులన్నీ పీకేశాను. వాళ్ళొచ్చి చూసి వెళ్ళిపోయారు. ఆ తర్వాత గుర్తొచ్చింది, ముసలాయన వచ్చి గోల చేస్తాడని. కౌంటరులో కొత్త టేపు చుట్టలుంటే తీసి, కత్తెరతో ముక్కలు కోసి, ఏ డబ్బాకి ఏది అని చూడకుండా చుట్టి పారేశాను. అప్పుడు ఫోనులో మా ఆవిడ సుధారాణితో మాట్లాడుతున్నాను, ఫ్యామిలీ వీసా ఎప్పుడొస్తుందని. డబ్బా మీద అంతేసి అక్షరాలుండగా టేపు చూసుకుని ఎవడు పోస్తాడులే అనుకున్నాను. రెండు నిమిషాల పని. ఒక్క డబ్బా తిప్పి చదివి ఉంటే ఈ కథే లేదు.

కొత్త డబ్బాల అవసరం వెంటనే రాలేదు. అప్పటికే మూత తీసి షెడ్డులో పెట్టుకున్నవి వాడుకుంటున్నారు, వాటి టేపులు నేను ముట్టలేదు. మే నెలలో విజయదుర్గ గారి బండి వచ్చింది.

విజయదుర్గ గారు మా కోనసీమ ఆవిడే. మొహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో నాలుగిళ్ళలో వంట చేస్తారు. ఐదోసారికి లైసెన్సు పాసయ్యి, నాలుగో తరం అండా ఒకటి సెకండ్ హ్యాండులో కొనుక్కున్నారు. ఆ రోజు గ్యారేజీ అందరికీ సున్నుండలు పంచారు. గేరుబాక్సు నూనె మార్చే టైమొచ్చిందని తెచ్చి, తాళం నా చేతిలో కాకుండా భోజన్న చేతిలో పెట్టారు.

"అన్నయ్యా, ఇది నా కాళ్ళూ చేతులూనండి. నీ చేత్తోనే చెయ్యాలి" అన్నారు.

"నువ్వు పో బిడ్డా, సాయంత్రం అచ్చి తీస్కపో" అన్నాడాయన. కొత్త డబ్బాల్లోంచి నీలం టేపుది తీసి పోశాడు.

మూడు వారాలకు, మధ్యాహ్నం మూడింటికి, ముసఫ్ఫా వంతెన మీద నడి లేనులో ఆ బండి ఆగిపోయింది. వెనకనించి లారీలు హారన్లు కొడుతున్నాయి. ఆవిడ లోపలే కూర్చుని స్టీరింగు పట్టుకుని ఏడ్చారట. పోలీసులొచ్చి పక్కకు తోయించారు. బండిని రికవరీ లారీ మీద తెచ్చి మా షెడ్డులో దింపారు. మరుసటి వారానికల్లా వేళకి రావడం లేదని రెండిళ్ళవాళ్ళు ఆవిడ్ని మానిపించేశారు.

గేరుబాక్సు విప్పి చూశాక హయాత్ బాషా ఆ నూనె డబ్బా తెమ్మన్నాడు. నేను అద్దం వెనకనించి చూస్తున్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివి, డబ్బాని నేలకేసి కొట్టాడు.

"యే క్యా హై భోజన్నా? ఇది పాత బండ్ల నూనె! ఇరవై ఏడేండ్లాయె నువ్వు చేయబట్టి! డబ్బా మీద రాసుంది కదా, కండ్లు లేవా?"

షెడ్డు మొత్తం ఆగిపోయింది. ఆ క్షణంలోనే నాకు అంతా అర్థమైంది, అర్థం కాలేదని ఏ దేవుడి ముందూ అనలేను. భోజన్న వంగి డబ్బా తీశాడు. మెడకున్న టేపు అంచుని బొటనవేలితో ఒకసారి తడిమాడు. తలెత్తి అద్దం వైపు చూశాడు. నేను కంప్యూటరులోకి తల దూర్చేశాను.

"నాదే తప్పు సార్" అన్నాడు భోజన్న.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆ వారమే నన్ను సర్వీస్ అడ్వైజరుగా ఖాయం చేసే కాగితం కఫీల్, అంటే ఓనరు, సంతకానికి వెళ్ళింది. అది అయితేనే ఫ్యామిలీ వీసా. సుధారాణి అప్పటికే పెట్టె సర్దుకుని కూర్చుంది. ఇదంతా నేను సాకుగా చెప్పడం లేదు. చెప్తున్నాను, అంతే. ఒక్కమాట అంటే సరిపోయేది, "సార్, టేపులు నేను మార్చాను" అని. అనలేదు.

మర్నాడు విజయదుర్గ గారు వచ్చి నా ముందే ఆయన్ని నిలదీశారు. "నిన్ను నమ్మేగా అన్నయ్యా ఇచ్చాను! ఆ లారీల మధ్య నాకేవన్నా అయ్యుంటే ఎవరండీ దిక్కు?" ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, బడిలో దెబ్బలు తినే పిల్లాడిలా. నేను ఆవిడకి మంచినీళ్ళు ఇచ్చి, "కూర్చోండక్కా, కూర్చోండి" అన్నాను. "నువ్వు బంగారం తమ్ముడూ" అన్నారావిడ.

హయాత్ బాషా భోజన్నను పానాల దగ్గరనించి తీసేసి, బళ్ళు కడిగే చోట వేశాడు. "కొత్త బండ్లు నీకు అర్థం కావు, ఖలాస్" అన్నాడు. ఐదు తరాల ఉస్తాదు, రబ్బరు బూట్లేసుకుని నీళ్ళ గొట్టం పట్టుకున్నాడు. పానా పట్టినోళ్ళు ఏదన్నా తేలక తల గోక్కుంటూంటే, అక్కణ్ణించే చప్పుడు విని, "మూడో తరంది గదా, ఇంజను కింది రబ్బరు సూడుండ్రి" అని కేకేసేవాడు. అదే అయ్యుండేది. వాళ్ళు నా దగ్గరికి వచ్చి చెప్తే నేను కార్డు మీద రాసేవాణ్ణి, వాళ్ళ పేరుతో.

ఆదివారం మాకు సెలవు. వరసగా మూడు ఆదివారాలు భోజన్న ఆ షెడ్డుకే వెళ్ళాడు. స్క్రాపుయార్డులో తిరిగి, గుద్దుకుని పాడైన ఒక నాలుగో తరం బండిలోంచి మంచి గేరుబాక్సు సంపాదించి, విజయదుర్గ గారి కారుకు ఒంటిచేత్తో బిగించడం మొదలుపెట్టాడు. మూడో ఆదివారం నేనూ వెళ్ళాను. నిద్ర పట్టడం లేదు మరి. జాకీ దగ్గర కూర్చుని, ఆయన కారు కింద ఉండగా, మొహం చూడనక్కర్లేదు కదా అనే ధైర్యంతో చెప్పేశాను.

"భోజన్నగారూ, ఆ టేపులు మార్చింది నేనండి."

నాకు తెలియకుండానే మళ్ళీ "గారూ" వచ్చేసింది. కింద పానా తిరుగుతూనే ఉంది.

"ఎర్కే" అన్నాడు.

"ఎరుకా?"

"నేను పంటితోని కొరికి తెంపుత తమ్మీ. అది కత్తెరతోని కోసి ఉన్నది. షెడ్డుల కత్తెర నీ కౌంటరు కాన్నే ఉన్నది."

"మరి బాషా సార్ తిడుతూంటే ఎందుకు చెప్పలేదండీ? ఎందుకూరుకున్నారు?"

ఆయన కారు కిందినించి పాక్కుంటూ బయటికొచ్చాడు. మొహం నిండా మసి. చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"ఏమని చెప్పాలె? టేపులు మార్చిండ్రంటె, టేపులెందుకంటడు బాషా సార్. డబ్బ మీద రాసుంది గదా అంటడు. అప్పుడు నేనేమనాలె? నాకు అచ్చరం ముక్క రాదు తమ్మీ. ఏ భాషల గూడ రాదు."

నేను జాకీ పక్కనించి లేచి ఆయన ఎదురుగా చతికిలబడ్డాను.

"ఇర్వై ఏడేండ్ల సంది దాసిన. ఇక్కడ అందరు ఉస్తాద్ అంటరు. నా బిడ్డ ప్రేమ ఊర్ల టీచరు. ఆమె అత్తగారోల్లకు మా నాయన పది పాసైండని చెప్పింది. తప్పు నూనె పోసిండంటె ముసలోడైండు, కండ్లు పోయినయ్ అనుకుంటరు. పోనీ. సదువు రాదని తెలిస్తె, ఇన్నేండ్లు నేను చేసిన ప్రతి బండిని అనుమానంగ చూస్తరు."

"రేపు పొద్దున్నే బాషా సార్‌కి చెప్పేస్తానండి. నా వీసా పోతే పోయింది. టేపుల సంగతి ఎత్తకుండా, తప్పు డబ్బా నేనే అందించానని చెప్తాను."

"నువ్వు కౌంటరోనివి, డబ్బ నీ చేతికి ఎట్లచ్చింది అంటడు. నువ్వు ఇచ్చినా నువ్వు సదువుకోలేదా అని నన్ను అడుగుతడు. యాడ తిప్పినా నా కాడికే అస్తది." నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు గుర్తొస్తే ఇప్పటికీ అక్కడ నొప్పిగానే ఉంటుంది. "చెప్తె నీకు తేలికైతది తమ్మీ. నాకు? ఒట్టెయ్యి. ఎవలకు చెప్పనని ఒట్టెయ్యి."

ఒట్టు వేశాను. ఇది రాసి ఇప్పుడు దాన్ని తప్పుతున్నాను. ఆయన మళ్ళీ కారు కిందికి దూరాడు. పక్క షెల్ఫులోంచి నాలుగో తరం నూనె డబ్బా తెమ్మన్నాడు. కాగితం పైకి చదివి, రెండోసారి కూడా చదివి, అప్పుడు అందించాను. సాయంత్రానికి బండి లేచింది. విజయదుర్గ గారు ఆయనకి బొమ్మిడాల పులుసు తెచ్చిచ్చారు. "నీ తప్పు నువ్వే దిద్దుకున్నావు అన్నయ్యా, ఇంక మనసులో పెట్టుకోకు" అన్నారు. ఆయన తల ఊపి, గిన్నె అందుకున్నాడు.

నా కాగితం మీద సంతకం పడింది. సెప్టెంబరులో సుధారాణి వచ్చింది. ఒక శుక్రవారం సాయంత్రం సరుకులకి వెళ్తే కొట్టు దగ్గర భోజన్న ఎదురయ్యాడు. నేను పక్కకి తప్పుకుందామనుకున్నాను గానీ ఆయనే పలకరించాడు. "నీ పెనిమిటి బంగారమసొంటోడు బిడ్డా" అన్నాడు సుధారాణితో. ఇంటికొచ్చాక సుధారాణి, "ఎవరండీ ఆ పెద్దాయన, అంత ప్రేమగా మాట్లాడారు?" అని అడిగింది. "షెడ్డులో బళ్ళు కడుగుతాడు" అన్నాను. అంతకుమించి ఒక్కమాట చెప్పలేకపోయాను. కట్టుకున్నదానికి కూడా.

2025 ఫిబ్రవరిలో భోజన్న వీసా తిరిగి కొట్టించలేదు. కడగడానికి ఇంత వయసు మనిషెందుకన్నారు పైవాళ్ళు. ఊరికి పోయే ముందురోజు మధ్యాహ్నం షెడ్డులో అందరికీ బిర్యానీ పొట్లాలు తెప్పించారు. హయాత్ బాషా ఆయన మెడలో దండ వేసి, చేతికి వాచీ పెట్టాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. దుర్మార్గుడు కాడని ముందే చెప్పాను కదా. ఆ బరువు తేలిక చెయ్యాలనుకున్నాడో ఏమో, గొంతు సవరించుకుని జోకు వేశాడు.

"ముసఫ్ఫాలో గ్యారేజీలు చాలా ఉండాయి భాయ్! కానీ అండాకి రాంగ్ నూనె పోసి ఆమ్లెట్ వేసిన ఉస్తాదు మాత్రం మా భోజన్న ఒక్కడే!"

అందరూ గొల్లుమన్నారు. కొందరు బల్లలు చరిచారు. భోజన్న తల వంచుకుని, వాచీ పట్టీ సర్దుకుంటూ, తనూ నవ్వాడు. నవ్వుతూనే ఒక్కసారి నావైపు చూశాడు.

నేనూ నవ్వుతున్నాను. బిర్యానీ నోట్లో పెట్టుకుని, అందరికంటే గట్టిగా.

చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు, నిజమే. నవ్వమని ఆయన అడగలేదు.